ఏసీ నీళ్ల మొక్క

శనివారం పొద్దున మినప్పప్పు నానబోశాను, దుప్పట్లు ఉతికి ఆరేశాను, బియ్యం డబ్బా కడిగి ఎండలో పెట్టాను. నాలుగో పనికి లేచేలోపే ఫోను వచ్చింది. రేపల్లెలో కొడుకింటికి వెళ్లిన మా పక్కింటి పిన్నిగారు నిద్రలోనే పోయారు.

తెనాలిలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే ప్రహరీగోడ. మా ఏసీ నీళ్లు కారే గొట్టం ఆ గోడ మీదుగా ఆవిడ పెరట్లోకి దిగుతుంది. దాని కిందే ఆవిడ ఆస్టిల్బీ కుండీ. కొండ ఊళ్ల చలిలో, నీడన పెరిగే మొక్క అది. ఈకల్లాంటి గులాబీరంగు కంకులు వేస్తుందట. కొడైకెనాల్లో చూసి ముచ్చటపడి దుంప తెచ్చుకున్నారు. బాపట్లలో ఉండే ఆవిడ తమ్ముడు, "మన ఎండలకు ఆగదక్కా" అన్నాడు. ఆగింది. పూత మాత్రం ఎన్నడూ రాలేదు.

"పూస్తేనే మొక్కా? ఆ ఆకు చూడు, ఎంత పనితనమో!" అనేవారు పిన్నిగారు.

మొక్కలు పెంచే మీకు తెలిసే ఉంటుంది, మా వైపు బోరునీళ్లు ఉప్పు. ఆ నీళ్లు పోస్తే దాని ఆకుల అంచులు మాడేవి. ఏసీ నీళ్లలో ఉప్పుండదు. అందుకని మా మధ్యాహ్నపు నిద్రల మీద ఆవిడకు మహా శ్రద్ధ.

"అమ్మాయ్, ఇంకా పడుకోలేదేంటి? నా మొక్క ఎండిపోతోంది."

"జాడీలు కడుగుతున్నానండి పిన్నిగారూ."

"పోనీ మీ ఆయన్నైనా పడుకోబెట్టు!"

రేపల్లెలో ఆవిడను ఆఖరిసారి చూసి వచ్చాం. చావింట్లో మొక్క మాట ఎలా ఎత్తను? గేటు తాళంచెవి అడగలేకపోయాను. పెద్దకర్మ అయ్యేదాకా ఇటు ఎవరూ రారు. బయట రోహిణి ఎండలు. కరెంటు వాడకం చూసుకునే మనిషిని నేను. ఆ రోజు నుంచీ మధ్యాహ్నం ఖాళీ గదిలో ఏసీ వేశాను.

మా ఆయన తలుపు తీసి చూశారు. "మనిషి లేడు. ఎవరికే ఇది?"

"పిన్నిగారి మొక్కకండి."

"ఎంతలో పెట్టావ్? చలేస్తుందేమో కనుక్కో."

నవ్వుతూనే తలుపు దగ్గరగా వేసి వెళ్లారు. మర్నాటి నుంచి నేను మరిచిపోతే ఆయనే వేసేవారు.

కర్మ అయ్యాక కోడలు తాళం తీసింది. "మాడిపోయి ఉంటుంది, కుండీ అయినా పట్టుకెళ్దామని వచ్చానక్కా" అంటూ పెరట్లోకి నడిచి, ఆగిపోయింది. పై ఆకులు కొన్ని ఎర్రబారాయి. మొదలు దగ్గర కొత్త చిగురు విచ్చుకుంటోంది. అక్కడే చతికిలబడి, అత్తగారు పోయాక మొదటిసారేమో, గట్టిగా ఏడ్చింది.

నీడన పెట్టమనీ, మట్టి ఆరనివ్వద్దనీ, బోరునీళ్లు పోయొద్దనీ చెప్పాను. ఇచ్చేయడం నాకు తేలికేమీ కాలేదు. స్టేషన్ దాకా నేనే మోశాను.

రేపల్లె బండిలో ఎండ పడని వైపు చూసి కూర్చుంది. కుండీ ఒళ్లో పెట్టుకుంది. బండి కదిలింది. నేను చెయ్యి ఊపాను. ఆమె ఊపలేదు. రెండు చేతులూ కుండీ చుట్టూ ఉన్నాయి.