ట్యూబులైటు శ్రుతి

సంగీతంలో ఓనమాలు రాకుండా సంగీతం గురించి రాస్తున్నందుకు సరస్వతీదేవికీ, మెస్ గోడ మీద ఇది చదవబోయే ఢిల్లీ బేర్ సరాయ్ తెలుగు సోదరులకూ సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఈ సాయంత్రం జనక్‌పురిలో మన తెలుగు సంఘంవాళ్లు పెట్టిన వయొలిన్ కచేరీకి కుర్చీలు వేయడానికి వెళ్లాను. విజయవాడ నుంచి వచ్చిన మాస్టారు చెవుల్లో దూదితో, నల్లకళ్లద్దాలతో కూర్చుని, లైట్లూ ఫ్యాన్లూ ఆపితే తప్ప కమాను పట్టనన్నారు. అందరూ పొగరన్నారు.

"మే నెలండీ! ఫ్యాన్లాపితే జనం నన్ను తంతారు," అన్నారు సంఘం సెక్రటరీగారు.

"పొగరు కాదు బాబూ. ఆ ట్యూబులైటు రొద మీకు వినబడదు, నాకు పంటినొప్పిలా ఉంటుంది. దాని శ్రుతి ఒకటి, నాది ఒకటి. చిన్నప్పటినుంచీ ఇంతే."

"అచ్ఛా, అయితే కచేరీ రద్దే!"

అంతలో కరెంటు పోయింది. మాస్టారు దూది తీసేశారు. జనం కరెంటువాళ్లను తిట్టుకుంటూ, కరపత్రాలతో విసురుకుంటూ, కొవ్వొత్తుల వెలుగులో చివరిదాకా కదలకుండా విన్నారు. సెక్రటరీగారు కళ్లు తుడుచుకున్నారు. చెమటేనట.

మనిషి అడిగితే పొగరు, కరెంటు పోతే ఖర్మ. ఇదేం న్యాయమో తెలిసినవారు కింద రాయండి. నేను చేసింది మాత్రం ఒక్కటే: ఫ్యూజు పీకాను. ఇప్పుడే చూసుకున్నాను, ఇంకా నా జేబులోనే ఉంది.