తెర నడిమిన నల్లమచ్చ

2018. రాజాం బస్టాండు దగ్గర నాది టీవీ రిపేరు కొట్టు. పాత డబ్బా టీవీలు పోయాక చేతినిండా పని ఉండేది కాదు. అలాంటప్పుడు సైమన్ ఆటోలోంచి బీరువా అంత పెట్టె దించాడు. ఎగ్జిబిషన్లలో ఆటల స్టాలు నడిపి మానేసిన మనిషి. ఆ పెట్టె వెనకటి వీడియో గేమ్.

అతని భార్య రత్నానికి రెటీనా జబ్బు. మనుషుల ముఖాలు కూడా ఆనవు. ఆ గేమ్‌లో చిమ్మచీకటి మీద మెరిసే తెల్లగీతలు మాత్రం ఇంకా కనిపిస్తాయట, రోజూ ఆడుతుందట. ఇప్పుడు తెర వెలగడం లేదు.

అది వెక్టర్ మానిటర్. టీవీలో ఎలక్ట్రాన్ కిరణం తెరంతా వరసలుగా తిరుగుతుంది. ఇందులో పెన్సిల్‌లా బొమ్మ గీతల మీదే నడుస్తుంది. నడక ఆగితే ఒకేచోట తెర కాలిపోకుండా కిరణాన్ని ఆర్పేది స్పాట్ కిల్లర్ సర్క్యూట్. ఇదంతా తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు ఆ సర్క్యూట్ దగ్గర ఎర్రలైటు చూసి, లోపం అందులోనే అనుకుని ఆ సర్క్యూట్‌నే తప్పించాను. టీవీల అలవాటు కొద్దీ బ్రైట్‌నెస్ పెంచాను. మధ్యలో చుక్క వెలిగింది. పిక్చర్ ట్యూబ్ బతికే ఉందని సంబరపడి, దాన్ని అలాగే వెలగనిచ్చి, మీటర్‌తో అసలు లోపం వెతికాను.

కిరణాన్ని నడిపే ట్రాన్సిస్టర్ పోయింది. మార్చితే గీతలొచ్చాయి. కానీ చుక్క నిలిచిన చోట తెర లోపలి పూత కాలి, పావలా బిళ్లంత మచ్చ పడింది. ఆటలో మనం నడిపే ఓడ మొదట కనిపించేది సరిగ్గా అక్కడే. అలాంటి ట్యూబ్ మరొకటి ఎంత వెతికినా దొరకలేదు.

వాళ్లింట్లో పెట్టి ఆన్ చేశాను. రత్నం తెరకు ముఖం ఆనించింది.

"నడిమిన నల్లగున్నాది. నా ఓడ అగుపడతనేదు," అంది. తర్వాత సైమన్ వైపు తిరిగి మెల్లిగా, "ఇది కూడా పోనాదండీ," అంది.

తన చూపే పోయిందనుకుంది. తెర కాల్చింది నేనేనని చెప్పకుండా సామాన్లు సర్దుకుని వచ్చేశాను. పిరికితనం, అంతే.

పది రోజులకు సైమన్ కొట్టుకొచ్చాడు. ఆమె పెట్టె దగ్గరికే వెళ్లడం లేదట. ఇంకెంత చూపు పోయిందో తెలిసిపోతుందని భయమట. ఇక ఉండబట్టలేక వెంటనే అతనితో వెళ్లాను.

"నీ కన్ను కాదు సెల్లెమ్మా. తెర నేనే కాల్చీసినాను."

ఆమె తడుముకుంటూ వెళ్లి తెర మీద చెయ్యి పెట్టింది.

"పది రోజులు ఏడ్సినాను. ఆ రోజే సెప్పాల కదన్నయ్యా," అంది.

సైమన్ వెళ్లి పెట్టె స్విచ్చి వేశాడు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ఆమె మళ్లీ ఆడింది. ఏడాది తిరక్కుండానే ఆ గీతలూ కనిపించకుండా పోయాయి. ఇప్పుడు నా చేతిలో ఏది పాడైనా, మూత బిగించకముందే చెప్పేస్తాను. ఆమెకు మిగిలిన ఆ కాస్త చూపులో పది రోజులు తిన్నది జబ్బు కాదు, నేను.