టెలిఫోనులో నేను అడగని మాట

ముప్పై ఏళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. బరువని ఎవరితోనూ అనలేదు. మోయగలను కాబట్టి మోశాను. యాభై దాటాక అక్షరాలు దిద్దాను, ఇప్పుడు నా చేత్తోనే రాస్తున్నాను. రాతలో తప్పులుంటే సర్దుకుని చదువు. సంగతిలో మాత్రం తప్పు లేదు.

అరవైల చివర, నరసన్నపేటకి సముద్రం వైపున్న ఒక చిన్న ఆసుపత్రిలో నేను ఆయాని. బాగా పనిచేసేదాన్ని. ఆ మాట ఇప్పుడూ తగ్గించి చెప్పను. ఆసుపత్రికి కొత్తగా టెలిఫోను వచ్చింది. శ్రీకాకుళంలో ఒక పెద్ద డాక్టరు, తన దగ్గర పని నేర్చుకుంటున్న మెడికల్ కాలేజీ పిల్లలకి ఆ తీగ మీద పాఠం పెట్టాడు. రోగి ఇక్కడ, వాళ్ళు అక్కడ. కళ్ళతో చూడకుండా, నాడి పట్టకుండా, అడిగి అడిగి రోగం పట్టుకోవాలి. మా ఊరి ఆడవాళ్ళు ఆ ఫోను గొట్టం ముట్టేవారు కాదు. కనబడని మగాడితో ఆడమనిషి ఏం మాట్లాడుతుంది? అందుకని పిల్లలు నన్ను అడిగేవారు. నేను రోగిని అడిగి జవాబు చెప్పేదాన్ని.

"ఆయా చెప్పిందంటే రోగిని చూసినట్టే" అని పెద్ద డాక్టరు ఓసారి పిల్లలతో అనడం నా చెవిన పడింది. అది తలకెక్కింది. కొన్నాళ్ళకి రోగిని అడగకుండానే సగం జవాబులు చెప్పేసేదాన్ని. చాలాసార్లు సరిపోయేవి కూడా.

ఒకరోజు మధ్యాహ్నం ఎర్రమ్మని బండి మీద తెచ్చారు. చేపలమ్మే పిల్ల, ఇరవై దాటి ఉండవు. పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. దారిలో ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయిందని వెంట వచ్చిన అత్త చెప్పింది. మా డాక్టరు సెలవులో ఉన్నాడు. శ్రీకాకుళానికి ఫోను చేస్తే పెద్ద డాక్టరు ఆపరేషనులో ఉన్నాడన్నారు. ఒక విద్యార్థి ఒక్కడే పలికాడు. నెమ్మదైన గొంతు. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, అన్నీ వరసగా అడిగాడు. తర్వాత ఇలా అడిగాడు.

"ఆమె నెల తప్పిందేమో అడుగు ఆయా."

"నేదు బాబూ. దాని మొగుడు మూడు నెల్లబట్టి ఒరిస్సా ఏపు సేపల ఏటకెల్లిపోనాడు."

"నీ లెక్క వద్దు. ఆమెని అడుగు."

అత్త నా పక్కనే నిలబడి ఉంది. "ఏటే, ఆ గొట్టంలోనోడు అంతసేపు ఏటడుగుతన్నాడు? సంబందం మాటాడతన్నాడేటి?"

"పొద్దున్న ఏటి తిన్నాదని అడుగుతన్నాడు అత్తా."

"సద్దన్నం. ఉల్లిపాయ కూడా తిన్నాదని సెప్పు."

నేను గొట్టంలోకి తిరిగాను. "అడిగాను బాబూ. నేదంటంది."

అజీర్తి మందిమ్మన్నాడు. తగ్గకపోతే పొద్దున్నే పంపమన్నాడు. కాంపౌండరు మందు పోశాడు. మర్నాడు బస్సు వచ్చేలోపే ఎర్రమ్మ పోయింది.

వరండాలో అత్త ఏడుస్తూ అన్న మాట చెప్తాను. "మా ఓడు రొండు నెల్ల కిందట తమ్ముడి పెళ్ళికొచ్చి పది రోజులుండెల్లాడు. ఇది నెల తప్పినాదని నానే అందరికీ సెప్పుకున్నాను."

అత్తకి తెలుసు. ఆమె దాచలేదు. నేను అడిగి ఉంటే నవ్వుతూ చెప్పేది. మరి నేను ఎవరి సిగ్గు కాపాడాను? ఆ పిల్ల పరువు కోసం అడగలేదని ఎన్నో ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నాకు తెలుసుననుకున్నాను. తెలిసినదాన్ని మళ్ళీ అడగడం నాకు చిన్నతనం అనిపించింది. అంతే.

ఇది సగమే. నాలుగు రోజులకి పెద్ద డాక్టరు ఆ విద్యార్థి కుర్రాణ్ణి జీపులో వెంటబెట్టుకొచ్చాడు. పిండం గర్భసంచిలో కాక దాని పక్కనుండే అండం గొట్టంలో పెరిగి, అది పగిలి ఉంటుందని, ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే వెంటనే తీసుకురమ్మనేవాళ్ళమని అన్నాడు. నన్ను సూటిగా అడిగాడు. "వీడు నెల సంగతి అడిగాడా?"

"నేదు బాబూ. అడగనేదు."

"అడిగాను సార్" అన్నాడు ఆ అబ్బాయి. "రెండుసార్లు."

"ఆయా ఎందుకు అబద్ధం చెప్తుందయ్యా?" అన్నాడు డాక్టరు.

ఆ అబ్బాయి నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఇంకా ఏదో చెప్తానేమోనని ఎదురుచూసినట్టు చూశాడు. నేను గిన్నెలు తీసుకుని కడగడానికి వెళ్ళిపోయాను. తర్వాత టెలిఫోనులో ఆ గొంతు మళ్ళీ వినలేదు. చదువు పూర్తిచేశాడో, మానేశాడో, నేను కనుక్కోలేదు. కనుక్కోగలిగేదాన్నే.

ఉద్యోగం పోతుందని భయపడ్డానా? కొంత. అంతకన్నా, ఆ డాక్టరు నన్ను నమ్మడం మానేస్తాడని భయపడ్డాను. ఆ తర్వాత పదిహేనేళ్ళు పనిచేశాను. ప్రతి రోగినీ అడిగే జవాబు చెప్పాను. దానివల్ల ఎర్రమ్మకి ఒరిగిందేమీ లేదు, ఆ అబ్బాయికీ లేదు. ఇది చదివే నువ్వు నన్ను క్షమించాలని రాయడం లేదు. క్షమించడానికి నువ్వెవరు?

ఆ బాబు అడిగాడు. రెండుసార్లు అడిగాడు. నేను ఆమెని అడగలేదు. ఈ మూడు ముక్కలూ రాయడానికి పొద్దున్న కూర్చున్నాను. రాశాను.