ఇత్తడి చీల

పోయిన ఆదివారం హుస్సేన్ సాగర్ మీద మా పడవ ఆగిపోయింది. మోటారు ఆగలేదు. అది చెవులు చిల్లులు పడేట్టు అరుస్తూనే ఉంది, పడవే కదల్లేదు. పెట్రోలు అయిపోయి ఉంటుందని మావారు తీర్పు చెప్పారు. పెట్రోలు అయిపోతే మోటారు అరవదండీ, అన్నాను. నీకెలా తెలుసన్నారు. నాకు తెలుసన్న సంగతి ఒక్కటైనా వాదన లేకుండా ఒప్పుకోని మనిషి ఆయన. నేనేం తక్కువ తిన్నానా, నీళ్ళ మధ్యనే వాదించాను. నీళ్ళల్లో తిరిగే పంకాకి చీల విరిగిందండీ, అన్నాను. పడవవాడు మోటారు పైకెత్తి చూసి, "అవునమ్మా, పిన్ను పోయింది" అన్నాడు. గెలిచాను గానీ ఆ సంతోషం నిలవలేదు.

ఆ విద్య నాకు మా చిన్నాన్న దగ్గర అబ్బింది. మావాళ్ళు గోదావరి వైపు నుంచి మిషను బడుల్లో పాఠాలు చెప్పడానికి సికింద్రాబాదు వచ్చి, బోయిగూడలో స్థిరపడ్డ క్రైస్తవులు. ఇంటినిండా పంతుళ్ళే. చిన్నాన్న ఒక్కడే చదువు వంటబట్టక, ఈ చెరువు గట్టునే దొరల పడవలు చూసుకునే పనిలో చేరాడు. దేశం విడిచి వెళ్ళిపోతూ ఒక దొర తన చిన్న పడవనీ, దాని వెనక తగిలించే పాత మోటారునీ ఆయనకే వదిలేశాడు. ఆ మోటారు జబ్బుల్ని చిన్నాన్న చెవితోనే పట్టేవాడు. అరుస్తూ కదలకపోతే చీల విరిగినట్టు, వణుకుతూ కదిలితే పంకా రెక్క వంగినట్టు, మూలుగుతూ కదిలితే పంకాకి నాచు చుట్టుకున్నట్టు. ఈ మూడో లక్షణం మా నాయనమ్మకి సరిగ్గా సరిపోతుందని నా చెవిలో చెప్పేవాడు. పంకాని ఇరుసుకి పట్టి ఉంచే చీల ఇత్తడిది, కావాలనే మెత్తగా ఉంటుంది. పంకా ఏ రాయికో తగిలితే ముందు అది విరగాలి, లోపల పళ్ళచక్రాలు బతకాలి. కిటికీ తెర వేలాడే సన్నటి ఇత్తడి ఊచని కోసి, ఆకురాయితో అరగదీసి, ఆయనే చీలలు చేసుకునేవాడు. మా పడకగదికి తెర లేకుండా పోయింది అందుకే.

పోలీసు చర్యకు ముందు రోజులవి. దానికి ఆ పేరు పెడతారని అప్పుడెవరికీ తెలియదు. సైన్యం వస్తుందని కొందరు, రాదని కొందరు, వస్తే ముందు మనల్నే నరుకుతారని ఇంకొందరు. పొద్దువాలితే తలుపులు మూసేసేవాళ్ళం. మా నాన్నగారు రేడియోకి దుప్పటి కప్పి, తలకాయ ఆ దుప్పట్లోకి దూర్చి వినేవారు. అలాంటి ఒక మధ్యాహ్నం, తుపాకీ భుజాన వేసుకుని ఖాకీ చొక్కా మనిషొకడు, వెనక ఇద్దరితో మా వాకిట్లోకి వచ్చాడు. ఏ ఖాకీ అని అడక్కండి. ఆ యేడు అందరికీ తెలుసు.

"పడవ నడవాలె. రేపటి సంది చెరువు మీద గస్తీ షురూ జేస్తున్నం" అన్నాడు.

"మోటారు ఖరాబుంది సాబ్" అన్నాడు చిన్నాన్న.

"ఖరాబుంటే మంచిగ జెయ్. నడవకుంటే నిన్ను సుత తోల్కపోతం."

తోల్కపోవడమంటే ఏమిటో మా వీధికి తెలుసు. వెనక సందులో తపాలా గుమాస్తాని అలాగే తీసుకెళ్ళారు. ఆయన భార్య ఇంకా గడప మీదే కూర్చుని ఉంది. పడవ నడవకపోతే చిన్నాన్న పోతాడు. నడిస్తే మాత్రం, దాన్ని నడిపేవాడు ఎవడు, మళ్ళీ చిన్నాన్నే కదా.

సాయంత్రం పెరట్లో నీళ్ళ డ్రమ్ములో మోటారు ముంచి తాడు లాగాడు. ఆ చప్పుడుకి విమానం వచ్చిందనుకుని వీధి వీధంతా మంచాల కింద దూరింది. పక్కింటి దర్జీ ఖాలా కాసేపటికి గోడ మీంచి తొంగిచూసి, "ఇంకోసారి జేస్తే జెర జెప్పి జెయ్యుండ్రి. సచ్చే ముందు కల్మా అన్న సదువుకుంటం" అంది. నవ్వామో లేదో గుర్తులేదు.

మర్నాడు బయల్దేరేటప్పుడు నాయనమ్మ నా జడ బిగించి కట్టి, చిన్నాన్న చేతిలో నా చెయ్యి పెట్టింది. "పిల్లదాన్ని తీసుకెళ్ళరా. పసిపిల్ల పక్కనుంటే కాల్చడానికి ఎవడికైనా చెయ్యి వణుకుద్ది." తరగతిని గడగడలాడించే మా నాన్నగారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆ పని మీద నాయనమ్మతో ఆవిడ పోయేదాకా పోట్లాడాను. విరగడానికి నన్ను పెట్టావా, అనేదాన్ని. "విరగలేదుగా" అనేది తాపీగా.

వానలకి చెరువు నిండి, గట్టు దగ్గరి రాళ్ళన్నీ మునిగి ఉన్నాయి. చిన్నాన్న, నేను ఎక్కిన పడవ కాస్త దూరం వెళ్ళిందో లేదో టక్కుమంది. మోటారు అరిచింది, పడవ ఆగింది. చిన్నాన్న తెడ్డేసుకుని వెనక్కొచ్చి, చీల మార్చి మళ్ళీ బయల్దేరాడు. మళ్ళీ టక్కు. గట్టు మీంచి చూస్తున్న ఖాకీ మనిషి నీళ్ళల్లోకి దిగి ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"ఏందిర, నాటకమాడుతున్నవా? గింత మెత్తది పెడితె ఇరగదా? ఇనుప మొల పెట్టు."

"ఇనుము పెడితే అది విరగదు సాబ్. తగిలినప్పుడు లోపల పళ్ళు విరుగుతాయి."

"పళ్ళు ఎవనియి ఇరుగుతయో నేను జూస్త. పెట్టు."

"ఇంకోసారి చెబుతున్నా సాబ్, వద్దు." చిన్నాన్న గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు. తుపాకీ మడమ ఆయన పక్కటెముకల్లో దిగింది. ఆయన మొల కోసి పెట్టాడు. రెండుసార్లు దాన్ని నీళ్ళల్లో పడేసుకుని, వెతికి మరీ తీశాడు. ఈసారి ఖాకీ మనిషి కూడా పడవ ఎక్కి, తుపాకీ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నన్ను గట్టు మీదే వదిలేశారు, మిగతా ఇద్దరి మధ్య.

పడవ బాణంలా వెళ్ళింది. గట్టు మీది ఇద్దరూ చప్పట్లు కొట్టారు. మునిగిన రాళ్ళగుట్ట చివర మలుపు దాటి, పడవ తుంగ చాటుకి వెళ్ళింది. అప్పుడు ఢామ్మని ఒక్క చప్పుడు. ఆ వెంటనే మోటారు నోరు పడిపోయింది. నా పక్కనున్నవాడు రెండోవాడితో, "కాల్చిండు" అన్నాడు మెల్లగా. నేను ఏడవలేదు. నాయనమ్మ బిగించిన జడ లాగి నెత్తి నొప్పెడుతోందని మాత్రం తెలుస్తోంది. చెరువు మీద అలలు గట్టుకి వచ్చి తగులుతున్నాయి, ఒకటి, తర్వాత ఇంకొకటి. తుంగ కదల్లేదు.

ఎంతసేపటికో తుంగ పక్కనుంచి ఒక తెడ్డు లేచింది. దాని వెనక చిన్నాన్న భుజం, ఆ వెనక మొహం మాడ్చుకున్న ఖాకీ మనిషి. మోటారు కింది గూడు పగిలి చమురు కారుతోంది. లోపలి పళ్ళచక్రం రెండు ముక్కలు. మొల మాత్రం చెక్కుచెదరలేదు. ఇనుము పెట్టమన్న మాట తన మనుషులే విన్నారు కాబట్టి, ఆ మనిషికి తిట్టడానికి ఎవరూ దొరకలేదు. మోటారుని ఒక తన్ను తన్ని వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చేలోపల సైన్యం వచ్చింది.

ఆ రాళ్ళగుట్ట ఎక్కడుందో చిన్నాన్నకి తన అరచేతిలా తెలుసు కదా, కావాలనే అటు తోలాడని మా నాన్నగారి వాదన. భయంతో కళ్ళు కనబడలేదని నా వాదన. పెద్దయ్యాక ఆయన్నే నిలదీశాను. "వద్దని రెండుసార్లు చెప్పాను గదే" అన్నాడు. ఇప్పుడు నేను ఆనాటి చిన్నాన్న కంటే చాలా పెద్దదాన్ని. అయినా నీళ్ళ మీద ఏ చప్పుడు విన్నా, ఎక్కడో ఒక తెడ్డు పైకి లేచేదాకా నాకు కాలం ముందుకి కదలదు.