రైనో చొక్కా అంచు

నవంబరులో జింకల వేట మొదలైందంటే ఉత్తర మిషిగన్‌లో పెళ్లిళ్లు కూడా వాయిదా పడతాయి. అలాంటి రోజుల్లో రైనో కంగాస్ మాత్రం తుపాకీ బదులు గరిటె పట్టేవాడు. సాయంత్రం అడవిలోని గుడిసెకు వెళ్లి, వేటనుంచి తిరిగొచ్చిన స్నేహితులకు మాంసం, బంగాళదుంపలు కూరిన రొట్టెలు కాల్చిపెట్టేవాడు. తుపాకుల బీరువాకు తాళం పడ్డాకే లోపల అడుగుపెట్టేవాడు. తుపాకీ ముట్టుకుంటే మళ్లీ జైలే మరి.

అంతా పాతికేళ్ల నాటి తాగుడు పుణ్యం. ఓ రాత్రి బారులోంచి తూలుతూ బయటికొచ్చి, ఇంటికి నడిచే ఓపిక లేక, రోడ్డుమీది మంచు తోసే సర్కారు బండి ఎక్కి తోలుకుపోయాడు. జైలుకెళ్లొచ్చాడు; అలా శిక్ష పడ్డవాడు ఇక తుపాకీ ముట్టకూడదని అక్కడి చట్టం. మందు మానేశాడు, డార్లీన్‌ని పెళ్లి చేసుకున్నాడు, వడ్రంగం చేసి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచాడు. పోయిన మర్యాద మెల్లగా తిరిగొచ్చింది గానీ తుపాకీ హక్కు రాలేదు. అదేం పెద్ద లోటని బయటివాళ్లు అనుకోవచ్చు. ఇక్కడ మాత్రం అది పెళ్లిలో అందరికీ వడ్డించి, పంక్తిలో కూర్చునే యోగం లేకపోవడంతో సమానం.

"ఇన్నేళ్లూ నీ మూలుగు నేను విన్నాను. ఇక వెళ్లి ఆ జడ్జిగారి ముందు మూలుగు," అని డార్లీన్ ఒకటే పోరు పెట్టింది. ఆ పోరు పడలేకే కోర్టులో అర్జీ పెట్టాడు.

అతని తరఫున సాక్ష్యానికి వచ్చినవాడు వెర్నర్ సావెలా. వేట గుడిసెకు పెద్ద, రిటైరైన పోలీసు. అప్పుడు రైనోని పట్టుకున్నదీ ఈయనే.

"ఎలా పట్టుకున్నారు?" అని అడిగింది జడ్జిగారు.

"కష్టమేం పడలేదమ్మా. తాగినా పని మానలేదు వీడు, దారి పొడుగునా మంచు తోసుకుంటూ పోయాడు. తెల్లారేసరికి ఊరు మొత్తంలో శుభ్రంగా ఉన్న వీధి అదొక్కటే. దాన్ని పట్టుకుని పోతే తిన్నగా వాళ్లమ్మ గుమ్మం వచ్చింది."

కోర్టంతా గొల్లుమంది. జడ్జిగారు నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగి, రైనో వైపు తిరిగింది. "ఇప్పుడు తుపాకీ దేనికయ్యా నీకు?"

కుటుంబ రక్షణ కోసమని చెప్పమని వకీలు నూరిపోశాడు. రైనోకి అదికాస్తా గుర్తురాలేదు.

"వీళ్లంతా రోజూ వచ్చి కోతలు కోస్తారమ్మా. ఇంత జింక, అంత కొమ్ములు అంటూ. వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. నాకూ సొంతంగా ఒక కోత కావాలి."

వకీలు నెత్తి పట్టుకున్నాడు. జడ్జిగారు కాగితాలు కాసేపు తిరగేసింది.

"కోతలకి చట్టం అడ్డేమీ లేదు. తుపాకీకి ఉన్న అడ్డు నేను తీసేస్తున్నాను," అందావిడ.

ఆ నవంబరులో రైనో తన తండ్రి నాటి తుపాకీని భుజాన వేసుకుని అడవిలో అడుగుపెట్టాడు. రాయి విసిరితే తగిలేంత దగ్గరగా జింక వచ్చి నిలబడింది. గురిచూసి పేల్చాడు, గుండు ఎటో పోయింది. జింక తాపీగా వెళ్లిపోయింది.

గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి గోడకు మేకు కొట్టడం ఆ గుడిసె ఆనవాయితీ. పాస్టరుగారిని కూడా వదల్లేదు. వెర్నర్ కత్తెర అందుకున్నాడు. డార్లీన్ కొనిచ్చిన కొత్త ఎర్రగళ్ల చొక్కా చూసి, మళ్లీ బల్లమీద పెట్టేశాడు.

"పోనీలేరా, ఇన్నాళ్లకి వచ్చావు. ఈసారికి మాఫీ."

అందరూ సరేనన్నారు. రైనో ముఖం మాడిపోయింది. వాళ్ల వైపు వీపు తిప్పి, చొక్కా అంచు ప్యాంటులోంచి బయటికి లాగాడు.

"మాఫీ కోసం పాతికేళ్లు ఎదురుచూశాను బాబాయ్. అది దొరికింది, ఇంక వద్దు. అందరికీ కోసినట్టే నాదీ కొయ్యి."

వెర్నర్ మళ్లీ కత్తెర అందుకుని జానెడు గుడ్డ కోశాడు. గోడకు మేకు రైనోనే కొట్టుకున్నాడు.