గోర్మ్లా అడిగిన ఆరడుగుల నేల

ఉత్తరాది చలి సముద్రంలోని మా మల్ దీవిలో గోర్మ్లా ఇంట బార్లీ రొట్టె ఎప్పుడూ ఒకటి ఎక్కువే కాలేది. అడగకుండానే అది పక్కింటి ముసలాయన చేతిలో పడేది. భర్త సముద్రంలో పోయాడు, కడుపున బిడ్డలు లేరు. అవతలి ఒడ్డున ఉన్న మొయ్‌డార్ట్ పెద్దింటివాళ్లు నాలుగేళ్ల ఫెరహర్‌ను పెంచమని తెచ్చి ఆమె ఒళ్లో పెట్టారు. మాలో అది పాత ఆచారం. రక్తసంబంధం ఇరవై తరాలు, పెంపకం నూరు తరాలు అంటారు. వాడికి వల వెయ్యడమూ, ప్రార్థన చెప్పడమూ ఆమే నేర్పింది. పద్నాలుగో ఏట వాడు తనవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

కొన్నేళ్లకు ఈ దీవులేలే ప్రభువుకూ ఆయన కొడుక్కూ చెడింది. ఇంట్లో కూడు ముందు కూర్చుని తేల్చుకోవలసిన తగువును వాళ్లు మా అఖాతంలో, మా వాళ్ల ప్రాణాలతో తేల్చుకున్నారు. మా ఊరు తండ్రి పక్షం, మొయ్‌డార్ట్ కొడుకు పక్షం. తెడ్డు పట్టినవాడికి అందులో పిడికెడు పిండైనా రాదు. దేవుడు మన్నించుగాక, ఆ ఇద్దరి కోసం ప్రార్థించడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

పోరు జరిగిన మూడో నాడు సముద్రపు పోటు ఫెరహర్ శవాన్ని గోర్మ్లా ఇంటి కింది రాళ్ల మీదికి చేర్చింది. ఆమె వాడిని కడిగి, తను నేసిన ఉన్నిగుడ్డలో చుట్టింది. నలుగురం చెక్క పలక మీద మోసుకుని చర్చి దొడ్డిలోని శ్మశానానికి వెళ్లాం. ఊరిపెద్ద తోర్మోద్ వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు. అతని తమ్ముడూ ఆ పోరులోనే మునిగాడు, శవం ఇంకా దొరకలేదు.

"మన పన్నెండు మందిని ముంచిన ఓడలోవాడు వీడు. ఇసుకలో పాతుకో పో."

"ఇసుకలో కుక్కల్ని పాతుతారు అయ్యా. వీడు నా బిడ్డ."

"నీ కడుపున పుట్టాడా?"

"నా కూడు తిన్నాడు. పుట్టించినవాళ్లు ఓడెక్కించారు, నేను ఒడ్డున దించుకున్నాను. మరి మిమ్మల్ని పెంచిందెవరు?"

తోర్మోద్ పెరిగిందీ ఒక పెంపుడుతల్లి దగ్గర, మొయ్‌డార్ట్‌లోనే అని ఊరంతటికీ తెలుసు.

"ఆవిడ ఇంకా ఉందిగా. మీ తమ్ముడు ఆవిడ గుమ్మం ముందు తేలితే ఏం చెయ్యమంటారు? ఇసుకలో పాతమని కబురు పంపుతారా?"

"నోరు ముయ్యవే గోర్మ్లా," అన్నాడు. గొంతులో జోరు లేదు.

"ముయ్యను. పన్నెండు ఇళ్లలో ఏడుస్తున్నారు, తగువు పెట్టిన ఇంట్లో ఎవరూ ఏడవడం లేదు. వాళ్లను ఆపలేక ఈ చచ్చినవాణ్ణి ఆపుతున్నారు మీరు."

గాలికి ఉన్నిగుడ్డ అంచు తొలగి ఫెరహర్ పాదం బయటపడింది. తోర్మోద్ వంగి గుడ్డ సర్దాడు. లేచాక నా చేతిలోంచి పార తీసుకుని, తనవాళ్ల సమాధుల వరసలో, తమ్ముడికని అట్టేపెట్టిన చోటు పక్కన తవ్వడం మొదలుపెట్టాడు.

"పాదాలు ఎటు?" అని అడిగాడు, తల ఎత్తకుండా.

"తూర్పుకే నాయనా," అంది గోర్మ్లా. "అందరికీ అటే."