బాపు చేతి వైద్యం

మా బాపు డాక్టరు కాదు, పేరున్న నాటువైద్యుడూ కాదు. రేగొండ దగ్గర ఒక ఊళ్లో కొంత పత్తి, కొంత జొన్న వేసుకునే రైతు. అయినా మా వాకిట్లో ఎప్పుడూ ఏదో ఒక జీవం కట్టేసి ఉండేది. పారుడు పట్టి విరేచనాలు ఆగని మేకపిల్ల, గజ్జితో వెంట్రుకలన్నీ రాలిన కుక్క, రెక్కలు వాల్చేసిన కోడి. ఎవరు తీసుకొచ్చినా బాపు మొదట అడిగేది ఒకటే.

"ఏం తిన్నది?"

మనుషులు కడుపునొప్పి అని వచ్చినా అదే ప్రశ్న. ఏం తిన్నవ్, ఎప్పుడు తిన్నవ్, అంతకు ముందురోజు ఏం తిన్నవ్. మందు ఆ తర్వాతే. ఆ మందు కూడా చాలాసార్లు అంబలే. రాత్రి జొన్నపిండిని కుండలో నానబెట్టి, పొద్దున దాకా పులియనిచ్చి, కాచి, చల్లారాక మజ్జిగ కలిపేవాడు. మేం నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. ఆ కుండను అవ్వ బూడిద పెట్టి తోమబోతే బాపు ఒప్పుకునేవాడు కాదు. పాత పులుపు అడుగున కొంచెం ఉండాలి, కొత్త పిండి దానిమీదే పడాలి.

"గీ కుండల కండ్లకు కనపడని జీవాలున్నయ్ బిడ్డా," అనేవాడు నాతో. "మనం వాటికి పిడికెడు పిండి పెడితే, అవి మనకు పానం పోస్తయ్."

నేను నవ్వేదాన్ని. పెళ్లయి బయ్యారం వెళ్లాక, టైఫాయిడ్ వచ్చి తగ్గాక, నవ్వడం మానేశాను. మందులు జ్వరాన్ని తగ్గించాయి, నన్ను బతికించాయి. కానీ కడుపు మాత్రం నాది కాకుండా పోయింది. ఏం తిన్నా నిలిచేది కాదు. మెడకింద ఎముకలు తేలాయి. ఆ సంగతి తెలిసి బాపు ఒడిలో స్టీలు క్యాను పెట్టుకుని, మహబూబాబాద్‌లో బస్సు మారి మా ఇంటికి వచ్చాడు. మూత తీస్తే పుల్లటి వాసన ఇల్లంతా నిండింది. మా అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"నా బిడ్డను జర కొన్ని రోజులు తీస్కపోత, అక్కా," అన్నాడు ఆమెతో.

పుట్టింట్లో గడప దగ్గర అప్పటికే ఒక ముసలి కుక్క పడుకుని ఉంది. దానికీ కడుపు బాగాలేదు. బాపు పొద్దున్నే రెండు గిన్నెలు తెచ్చేవాడు. ఒకటి దానిముందు, ఒకటి నాముందు.

"నీకూ దానికీ ఒకటే మందు. ఎవలు ముందుగాల లేస్తరో చూద్దాం," అని నవ్వేవాడు.

కుక్కే ముందు లేచింది. తర్వాత నేనూ లేచాను. తిరిగి వెళ్లేటప్పుడు మహబూబాబాద్‌లో నన్ను చూసిన డాక్టరు, మందులు చెడ్డ క్రిములతోపాటు కడుపులోని మంచి క్రిములనూ తుడిచేస్తాయని, పెరుగూ పులిసిన తిండీ వాటిని మళ్లీ నిలబెట్టడానికి సాయం చేస్తాయని చెప్పాడు. ఆ మాట ఫోన్‌లో బాపుకు చెప్పాను. అటువైపు ఆయన అవ్వను గట్టిగా పిలవడం వినిపించింది. "ఇన్నవా? డాక్టరే అన్నడట!" ఆ మాటను ఊళ్లో ఆయన చెప్పని మనిషి లేడని తర్వాత అవ్వ చెప్పింది.

అంత నమ్మకం ఆయనకు ఊరికే రాలేదు. ఎన్నో జీవాలు ఆయన చేతిలో లేచి నడిచాయి. నేనూ నడిచాను.

తర్వాత ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. రేగొండ రోడ్డు మీద టెంటు వేశారు. రోజుకొక కులం వాళ్లో, ఒక ఊరి వాళ్లో అందులో దీక్షకు కూర్చునేవారు. రోడ్డు మధ్యలోనే రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవారు. బాపు అన్నం వండే పనికి పోలేదు. పెద్ద గంజుల్లో అంబలి కాచి, ఉల్లిగడ్డలు కోసి, పక్కింటాయన బండిమీద టెంటుకు తీసుకెళ్లేవాడు. చదువుకునే పిల్లలు తాగడానికి సిగ్గుపడితే ఊరుకునేవాడు కాదు.

"మన మాటను చూసి నవ్విన్రు, మన తిండిని చూసి నవ్విన్రు. గిప్పుడు గూడ మనమే సిగ్గుపడితే ఎట్ల? తాగుండ్రి!"

బయ్యారంలో మా వీధి చివర కూడా టెంటు ఉండేది. రోడ్లు బందై పుట్టింటికి వెళ్లే దారి లేక, ఇవన్నీ నేను ఫోన్‌లోనే విన్నాను. ఆ రోజుల్లో బాపు గొంతులో ఒక కొత్త హుషారు ఉండేది. అంత సంతోషంగా ఆయన గొంతు మళ్లీ వినలేదు.

రేగొండ టెంటు దగ్గర మిగిలిన అన్నం కోసం కుక్కలు చేరేవి. వాటిలో ఒక ఎర్ర కుక్క రెండు రోజులుగా ఏమీ తినడం లేదని బాపు గమనించాడు. నోరు తెరిచే ఉంచుతోంది, చొంగ కారుతోంది. అంబలి ముందు పెడితే మూతి దగ్గరకు తెచ్చి వెనక్కి పోతోంది. జరిగిందంతా అవ్వ నాకు తర్వాత చెప్పింది. బాపు దాన్ని మెల్లగా తాడుతో మా వాకిట్లోకి తీసుకొచ్చాడట.

"దీని గొంతుల బొక్క ఇరికింది," అన్నాడట. "అందుకే మింగుతలేదు. నువ్వు జర దాని తల పట్టు."

అవ్వకు భయమేసింది. "నేను పట్ట. దాని చూపు మంచిగ లేదు. ఇడిసిపెట్టు దాన్ని."

ఆయనే ఒక చేత్తో దాని మెడ అదిమిపట్టి, రెండో చెయ్యి నోట్లో పెట్టి వెతికాడు. ఎముక దొరకలేదు. చెయ్యి బయటకు తీసేటప్పుడు పళ్లు గీసుకుని బొటనవేలి పక్కన చిన్న గీత పడింది. పెద్దగా నెత్తురు కూడా రాలేదట. మర్నాడు ఆ కుక్క గడ్డివాము పక్కన చచ్చిపడి ఉంది. బాపు పొలం గట్టున గొయ్యి తీసి పాతిపెట్టాడు.

అవ్వ ఆ రోజు నుంచే వెంటపడింది. "రేగొండ దవాఖానల కుక్క సూదులు ఇస్తున్నరట. పోదాం పా."

"గింత గీరుకు సూదులా? బస్సులు గూడ లేవు."

"బస్సులు లేకుంటే పక్కింటాయన బండిమీద తీస్కపోతనంటుండు."

"పసరు పోసిన. పత్తెం ఉంటున్న. నువ్వు పరేషాన్ గాకు."

ఏవో ఆకులు నూరి గీతమీద పసరు పోసి కట్టుకట్టుకున్నాడు. ఉప్పూ కారం మానేశాడు. దవాఖాన తెరిచే ఉంది, సమ్మె దాన్ని ఆపలేదు. బండి వాకిట్లోకి వచ్చి నిలబడింది కూడా. ఆయనే ఎక్కలేదు. కొన్నాళ్లకు గీత మానిపోయింది. మానిన చోటు అవ్వకు చూపించి, "చూసినవా?" అన్నాడట.

సమ్మె ముగిసింది. బస్సులు తిరిగాయి. పత్తి తీసే రోజులొచ్చాయి, చలి మొదలైంది. ఒక పొద్దున అవ్వ ఫోన్ చేసింది. ఆమె గొంతు నేను గుర్తుపట్టలేకపోయాను.

"మీ బాపు చెయ్యి గుంజుతుందంటుండు బిడ్డా. నిన్నటిసంది నీళ్లు తాగుతలేడు. నువ్వు రా."

అప్పుడే మొదటిసారి కుక్క సంగతి నాకు చెప్పింది. ఫోన్ పెట్టేసి, ఉన్న చీరతోనే బయలుదేరాను.

నేను వెళ్లేసరికి బాపు లోపలి అర్రలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తలుపు సందులోంచి గాలి వస్తే ఉలిక్కిపడుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి గుర్తుపట్టాడు, నవ్వబోయాడు. "ఎప్పుడు వచ్చినవ్?" అన్నాడు. మాట మామూలుగానే ఉంది. ఆ మాట విని, ఏమీ కాదులే అనుకున్నాను. ఒక్క క్షణం నిజంగా అనుకున్నాను.

అవ్వ గిన్నెలో అంబలి తెచ్చింది. ఆయనకు ఎలా ఇష్టమో అలా, పలుచగా, మజ్జిగ ఎక్కువ పోసి. బాపు రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. ఆకలితో ఉన్నాడు, దాహంతో ఉన్నాడు. గిన్నె పెదవుల దగ్గరకు వచ్చింది. అంతే, గొంతు బిగుసుకుపోయింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. గిన్నె జారి చాపమీద పడి, అంబలి నేలంతా పారింది. ఊపిరి అందక గోడను పట్టుకున్నాడు. కాసేపటికి కుదుటపడి, నేలమీద పారిన అంబలిని చూస్తూ ఉండిపోయాడు.

ఊళ్లో ఎందరికో అంబలి పోసి లేపిన మనిషి. ఒక్క గుక్క మింగలేకపోయాడు.

నేను దగ్గరకు వెళ్లబోయాను.

"రాకు బిడ్డా!" అని గట్టిగా అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అన్నాడు. "అది గొంతుల బొక్క గాదు. నాకు తెల్వలే. దానికీ గిట్లనే అయింది. నా ఎంగిలి ఎవలు ముట్టకుండ్రి. మీ అవ్వకు సూదులు ఇప్పియ్యి."

ఆయనకు అప్పటికే అంతా అర్థమైంది. కుక్క నోట్లో చెయ్యి పెట్టి వెతికినా దొరకనిదేమిటో, అదే తన ఒంట్లోకి వచ్చాక తెలుసుకున్నాడు.

జీపులో వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. గాలి తగలకుండా కిటికీలకు దుప్పట్లు కట్టాం. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నన్ను పక్కకు పిలిచి, చెయ్యి పట్టుకుని చెప్పింది.

"లక్షణాలు మొదలయ్యాక ఇక మందు లేదమ్మా. బాధ తెలియకుండా మాత్రం చూస్తాం."

పన్ను గీసుకున్న వెంటనే సబ్బుతో, పారే నీళ్లతో చాలాసేపు కడిగి, సూదులు వేయించుకుని ఉంటే బతికేవాడా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఆమె అవునన్నట్టు తలూపింది. అవ్వ ఆ తలూపడం చూసింది. అక్కడే గోడ పక్కన కూలబడింది.

బాపు మూడో రోజు పొద్దున పోయాడు. మత్తు మందుతో నిద్రలోనే పోయాడని వాళ్లు చెప్పారు. నేను ఆ మాటనే పట్టుకుని బతుకుతున్నాను.

ఆయనను ముట్టుకున్న మేమందరం సూదులు వేయించుకున్నాం. అవ్వ ప్రతిసారీ చెయ్యి చాచి, ముఖం అటు తిప్పి, శబ్దం లేకుండా ఏడ్చేది. సూది నొప్పికి కాదని నర్సుకు కూడా తెలుసు.

చాలాకాలం నాకు బాపు మీద కోపం ఉండేది. ఒకరోజు అవ్వ ముందే అనేశాను, అంత మొండితనం ఏమిటని. అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండానే అంది.

"మొండితనం గాదు బిడ్డా. ఆయన చేతిల ఒక్కటి గూడ చావలే అప్పటిదాంక. ఎట్ల భయపడతడు?"

నేనూ ఆమె పక్కన కూర్చుని రాళ్లు ఏరసాగాను.

ఇప్పుడు జనగామలో ఉంటున్నాం. ఇంట్లో ఒక కుక్క ఉంది. దానికి పెరుగన్నం పెడతాను, కడుపు బాగాలేనప్పుడు పలుచని అంబలి పోస్తాను, ఏటా దవాఖానకు తీసుకెళ్లి సూది వేయిస్తాను. ఇందులో ఏది బాపు వైద్యం, ఏది డాక్టరు వైద్యం అని ఎవరైనా వాదన పెట్టుకుంటే నేను లేచి పోతాను. కుండలో మనకు పానం పోసే జీవాలున్నట్టే, చొంగలో పానం తీసే జీవాలూ ఉంటాయి. రెండూ కంటికి కనపడవు. బాపుకు ఒకటే తెలిసింది.

రాష్ట్రం వచ్చిన తర్వాత మా పుట్టింటి ఊళ్లో ఒకసారి కుక్కలకు సూదులు వేసే క్యాంపు పెట్టారు. నేను ఆ రోజు ఊళ్లోనే ఉన్నాను. బాపు పోయాక అవ్వ ఏ కుక్కనూ చేత్తో ముట్టలేదు, వాకిట్లోకి వస్తే పక్కకు జరిగేది. కానీ ఆ పొద్దున ఆమె కట్టె పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయలుదేరింది. ప్రతి ఇంటి ముందూ ఆగి, లోపలి వాళ్లను కేకేసింది.

"మీ కుక్కను తోల్కరాండ్రి. సూదులు ఇస్తున్నరు. రేపంటే ఉండరట, ఇయ్యాల్నే రాండ్రి."

కొందరు వచ్చారు, కొందరు రేపు చూద్దాంలే అన్నారు. అలా అన్నవాళ్ల ఇంటిముందు ఆమె కదలకుండా నిలబడింది, వాళ్లు తాడు తీసుకుని బయటకు వచ్చేదాకా.